పాసంగం ఉన్న తక్కెడ: సంఖ్యలు, పరిశోధనలు, బిగ్ డేటా

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. ఈ ఉపన్యాసానికి పిలిచిన నిర్వాహకులు నాకు ఒక్క షరతు పెట్టారు, బోర్డు మీద సూత్రాలు రాయకూడదని. సంతోషంగా ఒప్పుకున్నాను, ఎందుకంటే ఈ పూట నేను చెప్పదలచుకున్నదానికి సూత్రం కంటే తక్కెడ ఎక్కువ అక్కరకొస్తుంది. పాతకాలపు తక్కెడ ఖాళీగా వేలాడుతున్నప్పుడే ఒక పళ్లెం కాస్త కిందికి దిగి ఉంటే దానికి పాసంగం ఉందంటాం. అటువంటి తక్కెడతో ఒకే వస్తువును వెయ్యిసార్లు తూచి సగటు తీశామనుకోండి. చెయ్యి వణకడం వల్ల, గాలి వీచడం వల్ల వచ్చిన హెచ్చుతగ్గులు ఒకదానితో ఒకటి కొట్టుకుపోతాయి. పాసంగం మాత్రం మొదటి తూకంలో ఎంత ఉందో వెయ్యో తూకంలోనూ అంతే ఉంటుంది. పైపెచ్చు వెయ్యిసార్లు తూచామన్న ధీమా ఒకటి అదనంగా చేరుతుంది.

గణాంకశాస్త్రం చేతి వణుకును యాదృచ్ఛిక దోషమనీ, పాసంగాన్ని పక్షపాతమనీ అంటుంది. పక్షపాతం అనగానే ఎవరో కావాలని చేసిన అన్యాయం మన మనసులో మెదులుతుంది కానీ ఇక్కడ ఆ అర్థం లేదు. పరమ నిజాయితీపరుడి తక్కెడకు కూడా పాసంగం ఉండవచ్చు. అందుకే నాకు పుస్తకాల్లో ఉన్న ఆ మాట కంటే ‘మొగ్గు’ అనే మాట మీద ఇష్టం ఎక్కువ.

పాసంగానికి నేను ఎప్పుడూ మొదట చెప్పే ఉదాహరణ 1936 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికలది. ‘లిటరరీ డైజెస్ట్’ అనే పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. దాదాపు 24 లక్షలు తిరిగి వచ్చాయి. వాటిని లెక్కపెట్టి, రూజ్‌వెల్ట్‌కు 43 శాతమే వస్తాయనీ, ఆయన ప్రత్యర్థి లాండన్ గెలుస్తాడనీ ప్రకటించింది. ఎన్నికల్లో రూజ్‌వెల్ట్‌కు దాదాపు 61 శాతం ఓట్లు వచ్చాయి, 48 రాష్ట్రాల్లో 46 ఆయనవే. అభిప్రాయ సర్వేలు చేసే జార్జ్ గాలప్ 50 వేల మందిని మాత్రమే అడిగి గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. పత్రిక చిరునామాలు సేకరించింది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. మహామాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవారు ఎవరో ఊహించుకోవచ్చు. ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. దీనిలో తరచుగా వదిలేసే సగం ఏమిటంటే, బ్యాలెట్ అందిన కోటి మందిలో 76 లక్షల మంది జవాబే ఇవ్వలేదు. ప్రభుత్వం మీద కోపంగా ఉన్నవాడు పోస్టు చేయడానికి ఓపిక చేసుకుంటాడు, తృప్తిగా ఉన్నవాడు బల్ల మీద పెట్టి మరిచిపోతాడు. జాబితా సరైనదే అయినా ఈ రెండో మొగ్గు మిగిలే ఉండేదని తర్వాతి పరిశోధకులు చూపించారు.

మన సంప్రదాయంలో స్థాలీపులాక న్యాయం ఉంది, ఒక్క మెతుకు పట్టి చూస్తే పాత్రలోని అన్నమంతటి సంగతీ తెలుస్తుందని. నమూనా సర్వేకు ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు. అయితే ఆ న్యాయంలో పైకి చెప్పని షరతు ఒకటి ఉంది. ఏ మెతుకైనా చేతికి వచ్చే అవకాశం సమానంగా ఉండాలి. అడుగున మాడి పైన పలుకుగా ఉన్న పాత్రలో పై మెతుకులే గుప్పెడు తీసి చూస్తే ఎంత పెద్ద గుప్పెడైనా అడుగు సంగతి చెప్పదు. షరతు నెరవేరితే మాత్రం చిన్న నమూనా కూడా ఆశ్చర్యపరిచేంత పని చేస్తుంది. యాదృచ్ఛికంగా ఎంచుకున్న 1,000 మంది జవాబుల్లో చేతి వణుకు సుమారు 3 శాతం అటూ ఇటూ ఉంటుంది. 10,000 మందిని అడిగితే అది 1 శాతానికి తగ్గుతుంది. పది రెట్లు శ్రమపడితే దోషం మూడో వంతుకు తగ్గిందన్న మాట. దేశ జనాభా 50 లక్షలా, 50 కోట్లా అన్నదానితో ఈ లెక్కకు దాదాపు సంబంధమే లేదు. ఈ మాట ఏ తరగతిలో చెప్పినా కనీసం ఇద్దరు నమ్మరు. వారిని తప్పుపట్టను, మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు.

ఎవరిని అడుగుతున్నామన్నది సగటును సైతం ఎలా మార్చేస్తుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఒక కళాశాలలో రెండే తరగతులున్నాయి. ఒకదానిలో 90 మంది, రెండోదానిలో 10 మంది. తరగతికి సగటున ఎందరని ప్రిన్సిపాల్‌ను అడిగితే 50 అంటారు, అది నిజం. ఇప్పుడు విద్యార్థులను ఒక్కొక్కరిగా ‘నీ తరగతిలో ఎంతమంది?’ అని అడగండి. తొంభై మంది ‘తొంభై’ అంటారు, పది మంది ‘పది’ అంటారు. ఈ జవాబుల సగటు 82. అదీ నిజమే. ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ లెక్క తప్పలేదు. కిక్కిరిసిన తరగతిని అనుభవించేవారు ఎక్కువమంది కాబట్టి వారి గొంతులే ఎక్కువ వినిపించాయి. సగటు, మధ్యగతం, బాహుళకం అని పాఠ్యపుస్తకం మూడింటిని వరుసగా బట్టీ పట్టిస్తుంది గానీ, ఎవరి సగటు అని అడగడం నేర్పదు. నా దృష్టిలో మొదటి పాఠం అదే కావాలి.

నా సొంత అనుభవం ఒకటి చెప్పనివ్వండి. చదువు పూర్తయిన కొత్తలో ఒక కుటుంబ సర్వేలో వివరాలు సేకరించే పనిలో చేరాను. ఇంట్లో ఎంతమంది, బయటికెళ్లి పనిచేసేవారు ఎందరు అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు. జాబితాలో ఉన్న ఇంటికి తాళం వేసి ఉంటే మూడుసార్లు తిరిగి వెళ్లాలని నియమం. ఎండలో మూడుసార్లు తిరిగే ఓపిక నాకు లేదు. పక్కింటి తలుపు తెరిచి ఉంటే అక్కడే కూర్చుని ఫారం నింపేవాణ్ణి. నా కట్ట అందరికంటే ముందు పూర్తయింది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, కూడికల్లో ఒక్క తప్పు లేదు. పర్యవేక్షకుడు రెండు నిమిషాలు పేజీలు తిప్పి ఒక్కటే అడిగాడు, “తాళం వేసిన ఇళ్లు ఏవీ?” నేను ఫారాలు నింపిన ఇళ్లన్నీ పగటిపూట ఎవరో ఒకరు ఉండే ఇళ్లు. ఇంటిల్లిపాదీ పనికి పోయే కుటుంబం నా కట్టలో ఒక్కటీ లేదు. పనిచేసేవారెందరో తెలుసుకోవడానికి వెళ్లి, పనిచేసేవారినే వదిలేసి వచ్చాను. ఆ కట్ట మొత్తం మళ్లీ చేయించారు, ఈసారి సాయంత్రాలు.

ఇటువంటి బద్ధకస్థులను పట్టుకోవడానికి ప్రశాంతచంద్ర మహలనోబిస్ చాలా ముందే ఒక ఉపాయం కనిపెట్టారు. 1931లో భారత గణాంక సంస్థను స్థాపించిన ఆయన, బెంగాల్‌లో జనపనార పంట విస్తీర్ణాన్ని అంచనా వేసే సర్వేలు చేస్తూ, ఒకే ప్రాంతానికి రెండు విడివిడి నమూనాలు తీసి, ఒకరి లెక్క ఇంకొకరికి తెలియకుండా రెండు బృందాలకు అప్పగించారు. రెండు అంచనాలూ చేతి వణుకుకు సరిపడేంత తేడాతో ఉంటే సరి. అంతకు మించితే పొలంలో కాదు, కొలిచేవాడిలో ఏదో తేడా ఉన్నట్టు. తూకంతో పాటు తక్కెడను కూడా పరీక్షించే పద్ధతి ఇది. నేను ఉద్యోగంలో చేరిన బృందంలో ఈ పద్ధతి ఉండి ఉంటే నా తెలివితేటలు ఇంకా ముందే బయటపడేవి.

ఇక పరిశోధనల సంగతికి వస్తాను. పత్రికల్లో ‘గణాంకపరంగా ప్రాముఖ్యం ఉన్న ఫలితం’ అనే మాట చూస్తుంటాం. దాని వెనక ఉన్న ఆలోచనను గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ ఒక టీ కప్పుతో వివరించాడు. పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనని ఒకావిడ అంది. ఎనిమిది కప్పులు కలిపారు, నాలుగు ఒక రకం, నాలుగు రెండో రకం. ఆ నాలుగు ఏవో ఎంచుకోవడానికి 70 మార్గాలున్నాయి. ఏ నేర్పూ లేకుండా, గుడ్డిగా ఎంచుకున్నా అన్నీ సరిగ్గా తగిలే అవకాశం 70లో ఒకటి, అంటే ఒకటిన్నర శాతం కంటే తక్కువ. పి-విలువ అంటే ఇదే: అసలు ప్రభావమే లేదనుకుంటే, ఇంత గట్టి ఫలితం కేవలం కాకతాళీయంగా వచ్చే అవకాశం ఎంత? అది 5 శాతానికి తక్కువైతే చెప్పుకోదగిన ఫలితమని వాడుక ఏర్పడింది. గమనించండి, ‘ఈ సిద్ధాంతం తప్పయ్యే అవకాశం 5 శాతం’ అని దాని అర్థం కాదు. ఈ పొరపాటు విలేకరులే కాదు, పరిశోధకులూ చేస్తారు.

అయిదు శాతం గీత ఒక ప్రశ్నకు పనికొస్తుంది. ఇరవై ప్రశ్నలు అడిగి, ఏ ఒక్కటి గీత దాటినా దాన్నే చూపిస్తే? అసలు ఏ ప్రభావమూ లేకపోయినా, ఇరవై స్వతంత్ర పరీక్షల్లో కనీసం ఒకటి గీత దాటే అవకాశం 64 శాతం. 2009లో కొందరు మెదడు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, వారి మనోభావాలేమిటో చెప్పమన్నారు. వేలాది బిందువులను ఒక్కొక్కటిగా పరీక్షించి, అన్ని పరీక్షలు చేశామన్న సంగతిని లెక్కలోకి తీసుకోకపోతే, ఆ చేప మెదడులో కొన్ని చోట్ల ‘చైతన్యం’ కనిపించింది. లెక్కను సవరించగానే మాయమైంది. వేళాకోళంలా కనిపించినా, ఆ రంగంలో పద్ధతి మారాలని చెప్పడానికి వారు ఎంచుకున్న దారి అది.

ఈ మొగ్గు ఒక ప్రయోగశాల లోపలే ఆగదు. ఫలితం బాగున్న వ్యాసం అచ్చవుతుంది, బాగోలేనిది సొరుగులో ఉండిపోతుంది. 2008లో కొందరు పరిశోధకులు కుంగుబాటు మందుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర నమోదైన 74 అధ్యయనాలను వెతికి పట్టుకుని, వాటిలో ఏవి పత్రికల్లో వచ్చాయో పోల్చి చూశారు. సంస్థ లెక్కలో 38 మందుకు అనుకూలం, వాటిలో 37 అచ్చయ్యాయి. మిగిలిన 36 ప్రతికూలం లేదా సందేహాస్పదం. వాటిలో 22 అచ్చే కాలేదు, 11 అనుకూలంగా ధ్వనించేలా అచ్చయ్యాయి, ఉన్నదున్నట్టు అచ్చయినవి మూడు. పత్రికలు మాత్రమే చదివే వైద్యుడికి నూటికి 94 అధ్యయనాలు మందును మెచ్చుకున్నట్టు కనిపిస్తుంది, నమోదు పుస్తకం చూసినవారికి 51. ఏ ఒక్క వ్యాసంలోనూ అంకె మార్చనక్కర్లేదు, వ్యాసాల ఎంపికే చాలు. తాళం వేసిన ఇళ్లు ఇక్కడ కూడా ఉన్నాయి.

దీనికి మందు ఉంది, అదీ చాలా సాదాసీదా మందు: ఏం కొలవబోతున్నారో ముందే నలుగురికీ తెలిసేలా నమోదు చేయడం. అమెరికాలో ఒక జాతీయ వైద్య సంస్థ నిధులతో గుండెజబ్బుల మీద జరిగిన పెద్ద ప్రయోగాలను 2015లో సమీక్షించారు. 2000కు ముందు అచ్చయిన 30లో 17 ప్రయోజనం చూపాయి. ముందస్తు నమోదు వాడుకలోకి వచ్చాక, 2000 తర్వాత అచ్చయిన 25లో రెండే చూపాయి. నమోదు ఒక్కటే కారణమని ఖండితంగా అనలేం, ఎందుకంటే ఆ కాలంలో చికిత్సలూ మారాయి. అయినా బాణం వేశాక దాని చుట్టూ గురి గీసుకునే వీలు పోతే ఏమవుతుందో అనడానికి ఇంత స్పష్టమైన సూచన నేను మరొకటి చూడలేదు.

ఇప్పుడు ఒక పట్టికను దగ్గరగా చూడమంటాను. దయచేసి అంకెలు రాసుకోండి. 1986లో బ్రిటన్‌లో మూత్రపిండాల రాళ్లకు రెండు చికిత్సలను పోల్చారు. కోత పెట్టి చేసే శస్త్రచికిత్స 350 మందిలో 273 మందికి, అంటే 78 శాతానికి, ఫలించింది. చిన్న రంధ్రం ద్వారా చేసేది 350లో 289 మందికి, అంటే 83 శాతానికి, ఫలించింది. రెండోదే మేలనిపిస్తోంది కదా? ఇప్పుడు రాళ్లను చిన్నవి, పెద్దవి అని విడదీయండి. చిన్న రాళ్లలో కోత చికిత్స 87లో 81, రంధ్రం చికిత్స 270లో 234: 93 శాతం, 87 శాతం. పెద్ద రాళ్లలో 263లో 192, 80లో 55: 73 శాతం, 69 శాతం. చిన్న రాళ్లలోనూ కోతదే పైచేయి, పెద్ద రాళ్లలోనూ కోతదే పైచేయి, రెండూ కలిపితే మాత్రం ఓడిపోతోంది. కూడిక తప్పలేదు, ఇంటికి వెళ్లి సరిచూసుకోండి. జరిగిందేమిటంటే, కష్టమైన పెద్ద రాళ్లున్న రోగులు ఎక్కువగా కోత చికిత్సకు వెళ్లారు. సులువైన రాళ్లు రంధ్రం చికిత్స వాటాకు వచ్చాయి. చికిత్సను ఎంచుకున్నది రోగి పరిస్థితి, దాన్ని మొత్తం అంకె దాచేసింది. ఇక్కడ రోగుల సంఖ్యను 700 నుంచి 70 లక్షలకు పెంచినా, రాయి పరిమాణం రాసుకోకపోతే అదే తప్పుడు జవాబు మరింత కచ్చితంగా వస్తుంది. లాటరీ తీసి చికిత్స కేటాయిస్తే ఈ చిక్కు ఉండదు, ఎందుకంటే మనకు తోచని కారణాలు కూడా సగటున రెండు వైపులా సమానంగా పడతాయి. యాదృచ్ఛిక ప్రయోగాల గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఇంతసేపూ చెప్పింది బిగ్ డేటాకు, అంటే కంప్యూటర్లలో కోట్లకొద్దీ పోగుపడే సమాచారానికి, పీఠికే. ఇంటర్నెట్‌లో వెతుకులాటల ఆధారంగా ఫ్లూ వ్యాప్తిని చెప్పే వ్యవస్థను గూగుల్ 2008లో మొదలుపెట్టింది. అయిదు కోట్ల వెతుకుమాటల్లోంచి, 1,152 పాత ఫ్లూ గణాంకాలతో కలిసి పెరిగి తగ్గినవాటిని ఎంచుకుంది. అయిదు కోట్లలో వెతికితే కలిసి కదిలేవి ఎన్నో దొరుకుతాయి. చలికాలంలో ఆడే పాఠశాల బాస్కెట్‌బాల్‌కు సంబంధించిన మాటలు కూడా ఫ్లూతో చక్కగా కలిశాయి, వాటిని చేత్తో ఏరివేయవలసి వచ్చింది. చచ్చిన చేప గుర్తొస్తోందా? 2011 ఆగస్టు నుంచి 108 వారాల్లో 100 వారాలు ఆ వ్యవస్థ ఫ్లూను ఎక్కువచేసి చెప్పింది. రెండు వారాలు ఆలస్యంగా వచ్చే ప్రభుత్వ వైద్య గణాంకాలతో వేసిన సాదా అంచనా దానికంటే మెరుగ్గా ఉందని 2014లో ఒక పరిశోధన తేల్చింది. మరుసటి ఏడాది దాన్ని ఆపేశారు. వార్తల్లో ఫ్లూ గురించి వినగానే ఆరోగ్యవంతులూ వెతుకుతారు, సెర్చ్ పెట్టె తానే మాటలు అందిస్తుంది. ఆ అంకెలు ఫ్లూను కొలవడానికి పుట్టినవి కావు, మరో పనిలో రాలిపడినవి.

పాసంగం ఖరీదెంతో హార్వర్డ్ గణాంకవేత్త షియావో-లీ మెంగ్ 2018లో లెక్కగట్టి చూపాడు. 2016 అమెరికా ఎన్నికల సర్వేలన్నిటిలో కలిపి జవాబిచ్చినవారు ఓటర్లలో ఒక శాతం, అంటే సుమారు 23 లక్షల మంది అనుకుందాం. జవాబివ్వడానికీ, ఎవరికి ఓటేస్తారన్నదానికీ మధ్య 0.005 అంతటి సహసంబంధం (రెండూ కలిసి కదిలే తీరుకు కొలత, పూర్తిగా కలిస్తే 1) ఉంటే చాలు, కంటికి ఆననంత చిన్నది, ఆ 23 లక్షల జవాబుల విలువ సక్రమంగా ఎంచుకున్న 400 మంది జవాబులకు సమానం. మిగతాదంతా మూటల బరువు. ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమోనని నేను లెక్క మళ్లీ వేసుకున్నాను.

దీన్నిబట్టి బిగ్ డేటా బూటకమని నేనంటున్నానని ఎవరైనా బయటికెళ్లి చెబితే నాకు బాధ కలుగుతుంది. చిన్న నమూనాకు చేతకాని పని ఒకటి ఉంది, అరుదైనదాన్ని చూడడం. ఒక మందును 3,000 మందికి ఇస్తే ఒక్కరికీ హాని జరగలేదంటే, హాని అసలు లేదని కాదు. అది వెయ్యిలో ఒకరికి జరిగేదైనా అయి ఉండవచ్చు. 1998లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి రోటావైరస్ టీకా విషయంలో ఇదే జరిగింది. అనుమతికి ముందు టీకా పొందిన 10,054 మంది పసిపిల్లల్లో అయిదుగురికి పేగు ముడుచుకుపోయింది, టీకా పొందని 4,633 మందిలో ఒకరికి. ఆ తేడా కాకతాళీయం కావచ్చు, నిజంగానే కావచ్చు, ఆ అంకెలతో ఎవరూ తేల్చలేరు. లక్షలాది పిల్లలకు వేశాక ఫిర్యాదులు పోగై, ప్రమాదం సుమారు పదివేలలో ఒకరికని తేలింది. ఏడాదిలోపే దాని వాడకం ఆపేశారు. తర్వాత వచ్చిన రెండు రోటావైరస్ టీకాలను ఒక్కోదాన్ని 60 వేలకు పైగా పిల్లల మీద ప్రయోగాల్లో పరీక్షించారు. ఆ సంఖ్య ఆర్భాటానికి పెట్టింది కాదు, కనిపెట్టవలసిన ప్రమాదం ఎంత అరుదో చూసి నిర్ణయించింది.

చివరగా ఒక జంట చెప్పి ప్రశ్నలకు చోటిస్తాను. తట్టు టీకాకూ ఆటిజానికీ సంబంధముందేమోనన్న భయాన్ని లోకమంతా వ్యాపింపజేసిన 1998 నాటి వ్యాసంలో ఉన్నది 12 మంది పిల్లలు, వారూ వరుసగా వచ్చినవారు కాదు, ఎంచుకున్నవారు. ఆ వ్యాసాన్ని పత్రిక 2010లో ఉపసంహరించింది. డెన్మార్క్ పరిశోధకులు 2019లో 6,57,461 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. వారిలో 6,517 మందికి ఆటిజం ఉన్నట్టు తేలింది, టీకా వేయించుకున్నవారిలో ఆ ప్రమాదం వేయించుకోనివారి కంటే ఎక్కువ కాదు. ఆరున్నర లక్షలు అనే అంకె గొప్పగా వినిపిస్తుంది. ఆ అధ్యయనానికి నిజమైన బలం ఇచ్చింది వేరే. ఆ దేశంలో పుట్టిన ప్రతి బిడ్డా జనాభా రిజిస్టర్‌లో ఉంటుంది, టీకా నమోదూ, రోగనిర్ధారణా అదే సంఖ్యకు ముడిపడి ఉంటాయి. జవాబివ్వాలా వద్దా అని తల్లిదండ్రులను ఎవరూ అడగలేదు, ఫారం పోస్టు చేసే ఓపిక ఎవరికీ అవసరం కాలేదు, టీకా వేయించని 31 వేల పైచిలుకు పిల్లలు కూడా అదే పుస్తకంలో ఉన్నారు. తాళం వేసిన ఇళ్ల పేర్లు కూడా ఉన్న జాబితా అది.

ప్రశ్నలుంటే అడగండి, వెనక వరుసలవారికి మైకు అందిస్తారు.